నలుపు మీద తెలుపు

తెల్ల కాగితం మీద నల్లసిరాతో రాయడం అందరికీ చేతనైన పనే. నల్లదాని మీద తెల్లగా రాయడంలోనే ఉంది చిక్కంతా. మనకు ఆ పని కొత్తదేమీ కాదు. మనలో చాలామందిమి ఓనమాలు దిద్దింది నల్లపలక మీద తెల్ల బలపంతోనే. కళ్ళాపి చల్లిన వాకిట్లో ఇల్లాలు వేసే ముగ్గూ తెలుపే. ఇరవై ఏళ్ళుగా నేను ఉప్పూ పప్పూ కొనుక్కుంటున్నది కూడా నల్లబల్ల మీద తెల్లసుద్దతో రాసిన రాతల పుణ్యమే. అయితే వీటన్నిటికీ ఒక సదుపాయం ఉంది. అవి నిలవనక్కరలేదు. పలక తుడిచేస్తాం. ముగ్గు మర్నాటికి చెరిగిపోతుంది. బల్ల మీది పాఠం గంట కొట్టగానే డస్టరు పాలవుతుంది. అలా కాక, నల్లదాని మీద తెల్లగా రాసి దాన్ని నిలబెట్టాలంటే, అందులోనూ రోజూ ఉతికి ఆరవేసే గుడ్డ మీద నిలబెట్టాలంటే, అది వేరే విద్య.

ఆ విద్య లోతుపాతులు నాకు తెలియడానికి కారణం మా తెలుగుశాఖ పిల్లలు. మాది బందరు. కాగితాల్లో మచిలీపట్నం అని రాస్తాం గాని నోటికి వచ్చేది బందరే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం గదా. 2024లో ఆ పండుగకు నెలన్నర ముందే పిల్లలు నా గదిలోకి దండుగా వచ్చారు. "మాస్టారూ, ఈసారి అందరం ఒకే రకం టీషర్టులు వేసుకుందామండీ" అన్నారు. రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె బొమ్మ కూడా గీసి తెచ్చింది. పెద్ద చెట్టు. దానికి యాభై ఆరు ఆకులు. ఆకుకొక అక్షరం చొప్పున మన వర్ణమాల. నల్లచొక్కా మీద తెల్లచెట్టు.

"నలుపే ఎందుకర్రా?" అన్నాను.

"నలుపైతే మాసినా కనబడదండీ" అన్నాడొకడు. "నలుపైతే సన్నగా కనబడతామండీ" అంది ఒక పిల్ల. రెండూ కాదనడానికి వీల్లేని కారణాలే. మొత్తం అరవై చొక్కాలు కావాలి. మనిషికి రెండువందల యాభై రూపాయలు దాటకూడదని వాళ్ళే తీర్మానించుకున్నారు. రెండువందల యాభై ఏపాటి అని మీరనవచ్చు. మా కాలేజీలో ఆ సొమ్ముకు రెండుసార్లు ఆలోచించవలసిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

అంతా మాట్లాడుకుంటూ ఉండగా వెనకాల నిలబడ్డ కుర్రవాడొకడు అడిగాడు. తెల్లవారుజామున ఇంటింటికీ పేపర్లు వేసి, ఆ తరవాత కాలేజీకి వచ్చే పిల్లవాడు. "ఇది ఆ ఒక్కరోజుకేనాండీ, తరవాత కూడా వేసుకోవచ్చాండీ?" అన్నాడు. తక్కినవాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు. వాడికి ఉన్న చొక్కాలెన్నో నాకు తెలుసు. అవి వారం తిరిగేలోగా మళ్ళీ మళ్ళీ కనబడుతూంటాయి. రెండువందల యాభై పెట్టి కొన్న చొక్కా వాడికి పండుగ ముచ్చట కాదు, బట్ట. నేను ఆ ప్రశ్నను డైరీలో రాసుకున్నాను. ఆ తరవాత ఎక్కిన ప్రతి దుకాణంలోనూ అదే అడిగాను: "ఎన్ని ఉతుకులు ఆగుతుందండీ?"

మొదట పిల్లలు నన్ను తీసుకువెళ్ళింది కప్పుల మీదా దిండ్ల మీదా ఫొటోలు అచ్చువేసే దుకాణానికి. బొమ్మ చూసి ఆ దుకాణదారుడు చాలా మర్యాదగా నవ్వాడు. "మా మిషనులో తెల్లసిరా ఉండదండీ" అన్నాడు. పిల్లలు తెల్లబోయారు. ఆయన విప్పి చెప్పాడు. ఆ పద్ధతిని సబ్లిమేషను అంటారు. కాగితం మీద అచ్చయిన రంగు వేడి తగలగానే ఆవిరై, పాలియెస్టరు దారంలోకి దూరి అక్కడే ఉండిపోతుంది. అందుకే ఎన్ని ఉతుకులకీ పోదు. అయితే అది నూలు గుడ్డకు పట్టదు, ముదురురంగు గుడ్డ మీద కనబడదు. మరి ఫొటోల్లో తెలుపు ఎక్కడినుంచి వస్తోందీ అంటే, కప్పుదే ఆ తెలుపు. రంగు వెయ్యకుండా వదిలిన చోట కప్పు కనబడుతుంది. అంతే. ఆలోచించి చూస్తే మనం చదివే పుస్తకమూ అంతే. అందులో అచ్చయింది నలుపు మాత్రమే. తెలుపంతా కాగితం పెట్టిన భిక్ష.

అక్కడే ఇంకో పాఠం కూడా దొరికింది. మాలో ఒకడు నల్లనూలు బదులు చవకగా వచ్చే ఆటల చొక్కాలు, మెరూన్‌రంగు పాలియెస్టరువి, కొందామన్నాడు. దుకాణదారుడు లోపలినుంచి ఒక పాత చొక్కా తెచ్చి చూపించాడు. దాని మీద ఎవరో తెల్ల అంకె వేయించారు. అది ఇప్పుడు తెలుపు కాదు, లేత గులాబి. పాలియెస్టరుకు వేసే రంగులు వేడి తగిలితే ఆవిరై పైకి లేచే జాతివి. అచ్చును గట్టిపరచడానికి కాచినప్పుడు అడుగున ఉన్న ఎరుపు మెల్లిగా తెల్లసిరాలోకి పాకింది. దీనికి విరుగుడు సిరాలు ఉన్నాయి, తక్కువ వేడిలో గట్టిపడేవీ ఉన్నాయి. కాని చవక కోసం పాలియెస్టరు కొని, విరుగుడు కోసం ఖర్చుపెట్టడమెందుకు? నూరుపాళ్ళ నూలే కొనాలని అక్కడికక్కడే తేలిపోయింది. బందరు ఉక్కపోతలో చెమట పీల్చేదీ నూలే.

ఆ ఆదివారం బెజవాడ వెళ్ళాం. అక్కడ ఒక దుకాణంలో వినైల్ పద్ధతి చూశాం. తెల్లని పలచటి ప్లాస్టిక్కు రేకును మిషను కత్తితో అక్షరాల ఆకారంలో కోస్తుంది. అక్కరలేని ముక్కలను మనిషి కూర్చుని చిమటాతో ఏరి పారేస్తాడు. మిగిలిన అక్షరాన్ని చొక్కా మీద పెట్టి వేడిబల్లతో పదిపదిహేను సెకండ్లు అదిమితే అంటుకుంటుంది. తెలుపంటే ఆ తెలుపే తెలుపు. పెళ్ళికి సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆటగాళ్ళ వీపు మీద పేరూ అంకే వెయ్యడానికి దీన్ని మించింది లేదు. ఎంత పెద్ద అక్షరమైతే అంత సుఖం.

మన చెట్టు సంగతి వేరు. యాభై ఆరు అక్షరాలు, ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలను గీతలు గీతలుగా కోసెయ్యవచ్చు. మన లిపి అంతా గుండ్రాలూ, మెలికలూ, తలకట్లూ. ఠ సంగతే చూడండి. సున్న కడుపులో ఒక చుక్క. ఆ చుక్క ఊడిందా, ఠ పోయి ర అవుతుంది. పాఠం పారమవుతుంది. చిమటా పట్టుకున్న కుర్రవాడు మా బొమ్మ చూసి, "ఒక్క చొక్కాకే గంట పడుతుందండీ" అన్నాడు. అతని మెడనొప్పి నాకప్పుడే వచ్చినట్టయింది. నమూనాగా నాలుగు అక్షరాలు మాత్రం, ఠతో సహా, ఒక చొక్కా మీద వేయించుకున్నాం.

పక్క వీథిలో నేరుగా గుడ్డ మీదనే అచ్చువేసే యంత్రం ఉంది. డీటీజీ అంటారు. మన ఇళ్ళలో కాగితం మీద అచ్చువేసే యంత్రానికి పెద్దన్నలాంటిది. ముదురురంగు గుడ్డ అయితే ముందు ఒక మందు పిచికారి చేసి ఆరబెట్టి, తరవాత తెల్లసిరా అచ్చువేస్తారు. ఆ మందు లేకపోతే సిరా పోగుల్లోకి దిగిపోయి తెలుపు మాయమవుతుంది. అచ్చు చాలా నాజూకుగా వచ్చింది, ఠలో చుక్కతో సహా. అయితే ఆ తెల్లసిరా మహా పేచీకోరు. అందులోని తెల్లపొడి బరువైంది. కదలకుండా ఉంటే అడుక్కు దిగి గొట్టాలు పూడ్చేస్తుందట. రోజూ కదుపుతూ కడుగుతూ ఉండాలి. ఆ చాకిరీ అంతా చొక్కా ధరలో కలుస్తుంది. ఒకటి రెండు చొక్కాలు కావలసినవారికి అది మేలే. అరవై అనేసరికి మా లెక్క దాటిపోయింది.

ఈ మధ్య అందరూ చెబుతున్న డీటీఎఫ్ కూడా అక్కడే చూశాం. ఇందులో అచ్చు గుడ్డ మీద వెయ్యరు, పారదర్శకమైన ఫిల్ము మీద వేస్తారు. తడి ఆరకముందే దాని మీద జిగురుపొడి చల్లి కాస్తారు. ఆ ఫిల్మును చొక్కా మీద పెట్టి అదిమి, ఫిల్ము ఒలిచేస్తే బొమ్మ చొక్కాకు అంటుకుపోతుంది. నూలైనా, పాలియెస్టరైనా, నలుపైనా, నీలమైనా దానికి ఒకటే. నాలుగు చొక్కాలకూ ఒకటే ధర, నలభైకీ ఒకటే ధర. పిల్లలందరికీ అది నచ్చేసింది. నాకూ నచ్చింది. కాని మా చెట్టు నిండుగా తెలుపు కావడంతో, నమూనా చొక్కా తొడుక్కున్నవాడి రొమ్ము మీద జానెడు ప్లాస్టరు అంటించినట్టుంది. "గాలాడుతోందా?" అని అడిగాను. "ఏసీలో బాగానే ఉందండీ" అన్నాడు. మా కాలేజీలో ఏసీ ప్రిన్సిపాలుగారి గదిలో మాత్రమే ఉంది.

తిరిగి బందరు వచ్చాక, శుభలేఖలూ జెండాలూ అచ్చువేసే పాత స్క్రీను ప్రింటింగు దుకాణానికి వెళ్ళాం. ఈ పద్ధతి తెలియనివాళ్ళు తక్కువే అయినా రెండు ముక్కలు చెబుతాను. చట్రానికి సన్నని వలగుడ్డ బిగించి, దానికి వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూస్తారు. బొమ్మను దాని మీద ఉంచి దీపం వేస్తే, బొమ్మ అడ్డుపడిన చోట మందు మెత్తగా ఉండిపోయి, నీళ్ళతో కడగగానే పోతుంది. తక్కిన చోట కన్నాలు మూసుకుపోతాయి. ఇహ సిరా పోసి రబ్బరుబద్దతో లాగితే బొమ్మ ఉన్న చోటే సిరా దిగుతుంది. 1907లో మాంచెస్టరుకు చెందిన శామ్యూల్ సైమన్ పట్టుగుడ్డతో ఇలా అచ్చువేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు పట్టు పోయి పాలియెస్టరు వల వచ్చింది. పద్ధతి మటుకు అదే.

దుకాణం యజమాని ఒక కబడ్డీ జట్టు కోసం చేసిన చట్రంతోనే మాకు నమూనా వేసి చూపించాడు. తెల్లసిరా పోసి ఒక్క లాగు లాగాడు. వచ్చింది తెలుపు కాదు, బూడిదరంగు. పిల్లలు ముఖాలు చూసుకున్నారు. ఆయన కంగారుపడలేదు. ఆ అచ్చు మీద వేడిపలక కొన్ని సెకండ్లు ఉంచి, పైపైన ఆరనిచ్చి, చొక్కా కదపకుండా అదే చట్రంతో మళ్ళీ లాగాడు. ఈసారి తెలుపు తెలుపులా నిలబడింది.

దీనికి కారణం మన ఇళ్ళలోనే ఉంది. గోడకు సున్నం వేసినప్పుడు చూడండి. తడిగా ఉన్నంతసేపూ పాత మరకలన్నీ కనబడుతూనే ఉంటాయి. ఆరాక గాని తెలుపు తేలదు. సున్నపు రేణువుల మధ్య గాలి ఉంటేనే వెలుతురు చెదిరి వెనక్కి వస్తుంది, నీరుంటే లోపలికి దూసుకుపోతుంది. సిరాలో తెల్లపొడి ఎప్పుడూ జిగురులో మునిగే ఉంటుంది గనక సుద్దా సున్నమూ అక్కడ పనికిరావు. అందుకని టైటానియం డయాక్సైడు అనే పొడి వాడతారు. అది జిగురులో మునిగినా వెలుతురును వెనక్కి కొట్టగలదు. గోడరంగుల్లో ఉన్న తెలుపూ అదే. అయినా బనియను అల్లిక గుడ్డకు నూగు ఉంటుంది. మొదటి పూత ఆ నూగును అణచడానికే సరిపోతుంది. తెలుపు కనబడేది రెండో పూతలో. మొదటి పూతకు పేరు ఉండదు, అది లేకపోతే రెండోదానికి బ్రతుకు ఉండదు. మేం చెప్పే పాఠాల్లో కూడా అలాంటివి కొన్ని ఉంటాయి.

ఆ సిరా పేరు ప్లాస్టిసాల్. దానంతటది ఎన్నాళ్ళున్నా ఆరదు. సుమారు నూట అరవై డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితేనే గట్టిపడుతుంది. వేడి పైపైన తగిలితే చేతికి ఆరినట్టే ఉంటుంది, నాలుగు ఉతుకులకు పగుళ్ళిచ్చి రాలిపోతుంది. కొనేవాళ్ళు దీన్ని పట్టుకోవడానికి సులువైన దారి ఉంది. అచ్చు చల్లారాక గుడ్డను రెండువైపులా పట్టి సాగదియ్యాలి. అచ్చు గుడ్డతోపాటు సాగి మళ్ళీ యథాస్థితికి వస్తే మంచిది. బీటలు వారితే ఇంకా కాచమని వెనక్కి ఇచ్చెయ్యాలి. నీటితో కలిసే తెల్లసిరాలూ ఉన్నాయి, చేతికి మెత్తగా ఉంటాయి. కాని నల్లగుడ్డ వాటిని తాగేస్తుంది. ఉక్క రోజుల్లో ఫ్యాను కింద వల కన్నాల్లోనే ఆరిపోయి పనివాడి ప్రాణం తీస్తాయి.

ఆ దుకాణంలోనే పనిచేసే ఒక యువకుడు ఇంకో దారి చెప్పాడు. "తెలుపు వెయ్యడమెందుకండీ, నలుపునే తీసేద్దాం" అన్నాడు. దాన్ని డిశ్చార్జి అంటారు. సిరాలో ఒక మందు కలిపి అచ్చువేసి వేడి చేస్తే, ఆ మందు గుడ్డలోని రంగును విరగ్గొడుతుంది. అచ్చు పడిన చోట గుడ్డ తన సొంత రంగుకు వచ్చేస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే అచ్చు ఉన్నట్టే తెలియదు, గాలి మామూలుగానే ఆడుతుంది. రొమ్ము మీద ప్లాస్టరన్న బాధే లేదు. అయితే వచ్చే తెలుపు మల్లెపువ్వు తెలుపు కాదు, కోరానూలు రంగు. అన్ని నలుపులూ లొంగవు. కొన్ని రంగులు ఏం చేసినా కదలవు.

అదైనా మాకు అభ్యంతరం కాకపోను. నేను చుట్టూ చూశాను. ఆ గదికి కిటికీ లేదు. ఆ మందు వేడెక్కినప్పుడు ఘాటైన వాసన వేస్తుంది, ఫార్మాల్డిహైడు వెలువడుతుంది. గాలి బయటికి లాగే ఫ్యానులున్న పెద్ద కార్ఖానాల్లో దాని పద్ధతి దానికి ఉంది. ఇక్కడ ఇద్దరు మనుషులు తలుపు ఓరగా వేసుకుని అరవై చొక్కాలు కాచాలి. "వద్దు నాయనా" అన్నాను. "మాకు అలవాటేనండీ" అన్నాడతను. అలవాటైనంత మాత్రాన ఊపిరితిత్తులకు ఒప్పుదల ఉండదు గదా. తెలుగుతల్లి చెట్టు కోసం ఇద్దరి చేత ఆ పొగ పీల్పించడం నాకూ పిల్లలకూ కూడా ఇష్టం లేకపోయింది.

అప్పటికి మా దగ్గర రెండు దారులు తేలాయి. తెలుపు పైన వెయ్యడం ఒకటి, నలుపును తీసెయ్యడం ఒకటి. మూడోది మా పొరుగునే ఉంది. బందరుకు ఆనుకున్నట్టే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం చేసే ఒక పెద్దాయనను పిల్లలతో కలిసి చూడబోయాను. ఆ అచ్చుబల్లల దగ్గర నిలబడి, "అయ్యా, మీరు తెలుపు ఎలా వేస్తారండీ?" అని అడిగాను.

"తెలుపు మేం వెయ్యం బాబూ, వదిలేస్తాం" అన్నాడాయన.

అద్దకంలో తెలుపంటే గుడ్డే. కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుపముక్కలూ బెల్లమూ ఊరవేసి తీసిన కసీం నీళ్ళతో అచ్చువేస్తే నలుపు తేలుతుంది. పటిక అద్దిన చోట, కాగులో ఉడికినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. ఏదీ అద్దని చోట, ఉతికి ఎండలో ఆరవేస్తూ ఉంటే తెలుపు మిగులుతుంది. పూర్వం నీలిమందు తొట్టిలో ముంచేటప్పుడు, తెల్లగా ఉండవలసిన చోట మైనం పట్టించేవారు. రంగు అంతా అయ్యాక మైనం కరిగిస్తే లోపల కాపాడుకున్న తెలుపు బయటపడేది. ఒకప్పుడు ఈ తీరం నుంచి ఓడలెక్కి దేశాలు తిరిగిన గుడ్డల మీది తెలుపంతా ఎవరూ వెయ్యనిదే.

మా చొక్కాలు బజారునుంచి నల్లగానే వస్తాయి. ఆ విద్య నేరుగా మాకు పనికిరాదు. కాని ఆయన మా అమ్మాయి గీసిన బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆఖరికి, "ఇంత తెలుపు ఎందుకమ్మా? సగం పని గుడ్డను చెయ్యనియ్యి" అన్నాడు.

ఆ పిల్ల దారిపొడుగునా మాట్లాడలేదు. మర్నాడు కొత్త బొమ్మ పట్టుకొచ్చింది. పాతదాంట్లో ఆకులు నిండు తెలుపు, వాటి మధ్య అక్షరాలు నలుపు. కొత్తదాంట్లో ఆకులు లేవు, తెల్లని అక్షరాలే ఆకులు. నిండుగా ఉన్న మాను నాలుగు గీతలైంది. ఆ గీతల మధ్య నల్లగుడ్డే బెరడైంది. తెలుపు నాలుగో వంతుకు తగ్గిపోయింది, చెట్టు మాత్రం ఇదివరకటికంటే చెట్టులా ఉంది. ఠ కడుపులో చుక్కకూ, చుట్టూ ఉన్న సున్నకూ మధ్య సందు కాస్త పెంచమని నేను చెప్పాను. సిరా రవ్వంత పారుతుంది గదా. ఆ సందు పూడితే అక్షరం పోతుంది.

ఈలోగా మా ఇంట్లో మూడువారాలపాటు నమూనా చొక్కాల పరీక్ష జరిగింది. మా ఆవిడ పరీక్షాధికారి. రోజు విడిచి రోజు, మిషనులో ఐదుసార్లు, చేత్తో ఐదుసార్లు ఉతికింది. "పిల్లల చొక్కాలకు చేసినంత సేవ మీ చొక్కాలకు కూడా చెయ్యలేదు" అంది. అది నిజమే. ఫలితాలు ఇవి. వినైల్ చొక్కా మీద పెద్ద అక్షరాలు చెక్కుచెదరలేదు. ఠలో చుక్క మటుకు ఏడో ఉతుకులో వెళ్ళిపోయింది. "మీ ఠ గారు ర గారయ్యారు" అని మా ఆవిడే కబురు చెప్పింది. డీటీఎఫ్ తెలుపు అలాగే ఉంది, కాని సన్నని కొసల దగ్గర అంచు లేవడం మొదలైంది. ఒక్క పూత వేసిన స్క్రీను అచ్చు మొదటే బూడిద, పదో ఉతుకుకు ఇంకా వెలసింది. రెండు పూతలు వేసి సరిగ్గా కాచినది మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. అది కబడ్డీ జట్టు పేరైనా సరే, మేం దానికే ఓటు వేశాం.

ఇహ ధర. స్క్రీను దుకాణంలో చట్రానికి ఏడువందలు, ఆపైన చొక్కాకు నలభై చొప్పున అడిగారు. డీటీఎఫ్‌కు చట్రం ఖర్చు లేదు, చొక్కాకు తొంభై. లెక్క వేస్తే పద్నాలుగు చొక్కాల దగ్గర రెండూ సమానం. అంతకు తక్కువైతే డీటీఎఫ్ లాభం, ఎక్కువైతే స్క్రీను లాభం. మా అరవైకి స్క్రీను అచ్చు మూడువేల ఒకవంద అయింది. నూట ఎనభై పెట్టి దళసరి నూలు చొక్కా కొంటే, మనిషికి రెండువందల ముప్పైరెండు. మిగిలిన పద్దెనిమిదీ ఎవరివి వారికి వెనక్కి ఇచ్చేశాం. వల విషయంలో కూడా కొంత బేరం జరిగింది. అంగుళానికి నూటపది పోగులున్న వల అయితే సిరా దండిగా దిగుతుంది, తెలుపు బాగుంటుంది. మా సన్న అక్షరాలకు నూటయాభై ఆరు పోగుల వల కావాలి. సిరా కాస్త తక్కువ దిగినా రెండు పూతలు వేస్తాం గనక సన్నదే తీసుకున్నాం.

ఆగస్టు 29న అరవై చెట్లు మా కాలేజీ ఆవరణలో తిరిగాయి. ఉపన్యాసాలు మామూలే. నాకు సంతోషం కలిగించింది ఆ రోజు కాదు. ఆ తరవాత చలికాలం, ఎండాకాలం కూడా వెళ్ళాక, 2025 జూన్‌లో ఒక తెల్లవారుజామున మా గుమ్మంలో పేపరు పడిన చప్పుడైతే తలుపు తీశాను. సైకిలు తొక్కుకుంటూ వెడుతున్న కుర్రవాడు ఆ చొక్కాలోనే ఉన్నాడు. నలుపు ఎండకు కాస్త వెలిసింది. వీధిదీపం వెలుతుర్లో తెలుపు మటుకు అక్షరం అక్షరం చదవడానికి వీలుగా ఉంది.

ఈ రోజుల్లో కాలనీ సంఘాలూ, బడిపిల్లలూ, పెళ్ళివారూ కూడా ఇలాంటి చొక్కాలు వేయిస్తున్నారు. అలాంటి పని మీ మీద పడితే, దుకాణానికి వెళ్ళి "ఏ పద్ధతి మంచిది?" అని అడగకండి. ఎవరి దుకాణంలో ఏ యంత్రం ఉంటే అదే మంచిదంటారు. అది వాళ్ళ తప్పు కాదు. ఇంట్లోనే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. గుడ్డ నూలా, పాలియెస్టరా? చొక్కాలు నాలుగా, నలభయ్యా? బొమ్మలో ఉన్నది పెద్ద అంకెలా, సన్న అక్షరాలా? అన్నిటికంటే ముఖ్యం, వేసుకునేవాళ్ళు ఒక్కపూట వేసుకుంటారా, ఏడాది పొడుగునా వేసుకుంటారా? ఈ నాలుగూ తేలితే పద్ధతి దానంతటదే తేలుతుంది. ఒక్కరోజు ముచ్చటకైతే ఏదైనా ఒకటే.

చొక్కాలు వచ్చాక కూడా ఒక పని ఉంది. లోపలివైపు బయటికి తిప్పి ఉతకాలి. ఎర్రటి ఎండలో కాక నీడన ఆరవెయ్యాలి. ఇస్త్రీ పెట్టె అచ్చు మీద ఆనించకూడదు, వెనకవైపునుంచే చెయ్యాలి. ఈ మూడు సంగతులూ ఒక చీటీ మీద రాయించి చొక్కాతోపాటు అందరికీ ఇచ్చాం. చీటీ మటుకు తెల్లకాగితం మీద నల్లసిరాతోనే వేయించాం. అందులో చిక్కేమీ రాలేదు.